ఏటి ఒడ్డున ఒక రాత్రి

చలికాలం వచ్చిందంటే మన కాలనీలలో విహారయాత్రల ప్రస్తావన మొదలవుతుంది. బస్సు మాట్లాడేవారు కొందరు, సెలవు మంజూరు కోసం ఎదురుచూసేవారు కొందరు, పులిహోర ఎవరు కలపాలో తేల్చేవారు మరికొందరు. ఈ మాసం ఈ శీర్షికలో మా కుటుంబం చేసిన ఒక చిన్న యాత్రను, దానివల్ల మేము నేర్చుకున్న ఒక పెద్ద పాఠాన్ని మీతో పంచుకోవాలని సంకల్పించాము.

ఈ యాత్రకు మూలకారణం మా అమ్మాయి. విదేశాలలో నదుల ఒడ్డున ‘కారవాన్ పార్కులు’ ఉంటాయని, కుటుంబాలు తమ ఇంటినే చక్రాల మీద వెంట తెచ్చుకుని అక్కడ రాత్రి గడుపుతాయని ఎక్కడో చదివింది. “నాన్నగారూ, మనం కూడా ఒక రాత్రి అలా ఏటి ఒడ్డున ఉండలేమా?” అని అడిగింది. మా అబ్బాయి వెంటనే చెల్లెలి పక్షం వహించాడు. మా శ్రీమతి మాత్రం “అత్తయ్యగారు ఒప్పుకుంటే చూద్దాం” అని తీర్పును పైకోర్టుకు పంపింది. ఆశ్చర్యమేమంటే, 76 ఏళ్ల మా అమ్మగారే అందరికంటె ముందు ఒప్పుకున్నారు.

కారవాన్ అనే మాట మనకు కొత్తగా వినిపించవచ్చును గాని, ఆ వస్తువు కొత్తది కాదు. తెలుగులో దానికి బిడారు అనే చక్కని పదమున్నది. ఛత్తీస్‌గఢ్ ధాన్యాన్ని, తీరప్రాంతపు ఉప్పును ఎద్దుల మీద వేసుకుని మజిలీ మజిలీకి సాగిన బంజారాల బిడారునే తండా అనేవారు. నేడు వారు స్థిరపడిన పల్లెలకు ఆ పేరే మిగిలింది. వినోదం కోసం ఇంటిని బండి మీద కట్టుకుని తిరగడం మాత్రం ఆధునిక కాలపు ముచ్చట. 1885లో గార్డన్ స్టేబుల్స్ అనే స్కాట్లండు వైద్యుడు ‘వాండరర్’ అనే గుర్రపు బండిని ప్రత్యేకంగా చేయించుకుని ఇంగ్లండు నుండి స్కాట్లండు దాకా పయనించాడు. అటుపైన గుర్రాల స్థానంలో మోటారు వచ్చింది. మన దేశంలో కేరళ ప్రభుత్వం 2021లో కారవాన్ పర్యాటక విధానాన్ని ప్రకటించింది. కారవాన్ పార్కు అంటే మరేమీ కాదు. బండి నిలుపుకొనడానికి మెరక నేల, మంచినీటి కుళాయి, మరుగుదొడ్డి, దీపం, కాపలా. ఈ ఐదూ ఉంటే అది పార్కు. లేకుంటే అది వట్టి ఏటి గట్టు.

మేముంటున్నది సిల్తారాలో. రాయపూరుకు ఉత్తరంగా, బిలాస్‌పూర్ పోయే రహదారి మీద ఉన్న పారిశ్రామిక ప్రాంతమిది. స్పాంజి ఐరన్ కొలుములు, రోలింగ్ మిల్లులు, రాత్రింబవళ్లు తిరిగే లారీలు ఇక్కడి నిత్య దృశ్యాలు. ఉదయం ఆరవేసిన తెల్ల చొక్కా సాయంత్రానికి తన రంగు మరచిపోతుంది. షిఫ్టుల పుణ్యమా అని ఇంటిల్లిపాదీ ఒకే పంక్తిన కూర్చుని భోజనం చేసే పూటలను నెలలో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చును. పైగా సంక్రాంతికి అమ్మగారు శ్రీకాకుళం జిల్లాలోని మా ఊరికి వెళ్లిపోతారు. అబ్బాయికి వేరే రాష్ట్రంలో ఉద్యోగపు పిలుపు వచ్చి ఉన్నది. అయిదుగురమూ ఒకే కప్పు క్రింద ఉండే రోజులు ఇక ఎన్నో లేవని అందరికీ తెలుసు. పైకి మాత్రం ఎవరమూ అనలేదు.

కారవాన్ మన చేతికందేది కాదు గనుక ఒక ట్రావెలర్ బండిని అద్దెకు తీసుకున్నాము. వెనుక సీట్లు రెండు తీయించి పరుపులు పరిచాము. ఒక చిన్న గుడారం, కిరోసిన్ స్టవ్వు, బియ్యం, కందిపొడి, ఆవకాయ జాడీ, నీళ్ల క్యాను సర్దుకుని డిసెంబరు మాసపు ఒక శనివారం ఉదయం బయలుదేరాము. గమ్యం రాజిం. మహానది, పైరి, సోంఢూర్ నదులు కలిసే త్రివేణీ సంగమం అది. సిల్తారా నుండి సుమారు 60 కిలోమీటర్లు. ఒకప్పుడు రాయపూర్ నుండి ధమ్తరి వెళ్లే చిన్న రైలుకు అభన్‌పూర్ వద్ద ఒక శాఖ చీలి రాజిం దాకా వచ్చేది. ఆ చిన్న పట్టాల రైలు ఇప్పుడు లేదు. దానిని ఎక్కినవారి జ్ఞాపకాలు మాత్రం రాయపూర్ తెలుగు కుటుంబాలలో ఇంకా నడుస్తూనే ఉన్నాయి.

అభన్‌పూర్ మీదుగా నవాపారా చేరి, సంగమానికి వెళ్లే ముందు చంపారణ్ దర్శించాము. తెలుగువారైన మన సహోద్యోగులు ఇన్నేళ్లుగా ఇక్కడ ఉంటూ కూడా చాలామంది ఈ స్థలాన్ని చూడలేదు. చూడవలసిన కారణం ఒకటున్నది. పుష్టిమార్గ స్థాపకులు వల్లభాచార్యులవారు 1479లో జన్మించినది ఇక్కడనే అని సంప్రదాయం. గుజరాత్, రాజస్థాన్‌ల నుండి భక్తులు వెతుక్కుంటూ వచ్చే ఆ మహనీయుడు తెలుగు కుటుంబంలో పుట్టినవాడు. తండ్రి లక్ష్మణ భట్టు, తల్లి ఇల్లమ్మ.

ఆ జన్మవృత్తాంతం కూడా ఒక ప్రయాణపు కథయే. కాశీలో కాపురమున్న ఆ దంపతులు అక్కడ కల్లోలం రానున్నదన్న వార్త విని దక్షిణానికి తరలిపోతున్నారు. ఇల్లమ్మ నిండు చూలాలు. ఈ అడవి మార్గంలో నెలలు నిండకుండానే ప్రసవమైంది. శిశువులో చలనం కనిపించలేదు. ప్రాణం లేదనుకుని, బిడ్డను గుడ్డలో చుట్టి జమ్మిచెట్టు క్రింద ఉంచి, బరువెక్కిన గుండెలతో దగ్గరి ఊరు చేరి ఆ రాత్రి తల దాచుకున్నారు. తిరిగి వచ్చి చూసేసరికి బిడ్డ సజీవంగా ఉన్నాడని, చుట్టూ అగ్నివలయం కాపలా కాసిందని భక్తులు చెప్పుకుంటారు. నమ్మిక ఎవరిది వారిది. కాని ఆ రాత్రి ఆ తల్లి ఎలా గడిపిందోనన్న ప్రశ్నకు నమ్మికతో పని లేదు.

మందిరంలో మరొక విశేషం మా అమ్మగారిని కదిలించింది. ఉత్తరాది భక్తులు ఆ తల్లి పేరును ‘ఇల్లమ్మాగారూ’ అనే పలుకుతారు. గౌరవార్థమైన మన ‘గారు’ను కూడా పేరులో భాగమనుకుని అయిదు శతాబ్దాలుగా భద్రపరచారు. “మన ఆడపడుచు పేరు ఇంత దూరంలో గారుతో సహా నిలిచిందా!” అని అమ్మగారు కళ్లు తుడుచుకున్నారు. గుడి ఆవరణలో ఆమె చాలాసేపు కూర్చున్నారు. మేమూ తొందరపెట్టలేదు.

నవాపారా నుండి వంతెన దాటి రాజిం చేరేసరికి సాయంకాలం నాలుగున్నర. శీతకాలంలో సంగమం నిండా నీరుండదు. విశాలమైన ఇసుక మైదానం, దాని మీద సన్నని పాయలు. నది నడుమన కులేశ్వర మహాదేవుని ఆలయం. ఆ దృశ్యం చూడగానే పిల్లలకు ఆనందం పట్టలేదు. బండిని గట్టున ఆపించి, గుడారం మోసుకుని నేరుగా ఇసుకలోకి దిగారు. ఒక పాయకు పదడుగుల దూరంలో, మెత్తని ఇసుక మీద స్థలం ఎంచుకున్నారు. కాళ్ల ముందు నీరు, తల మీద నక్షత్రాలు. ఇంతకంటె కారవాన్ పార్కు ఏముంటుందని అబ్బాయి వాదన. నిజం చెప్పాలంటే మాకూ అది నచ్చింది. గుడారపు మేకులు దింపడం కూడా మొదలుపెట్టాము.

అప్పుడు ఇసుకలో కూరగాయల మడికి నీళ్లు పోస్తున్న ఒక వృద్ధుడు కావడి దించి మా వద్దకు వచ్చాడు. మమ్మల్ని, గుడారాన్ని, మా అమ్మగారిని మార్చి మార్చి చూసి, ఛత్తీస్‌గఢీలో ఒక్క మాట అన్నాడు. “రేతీ మ ఝన్ సుతవ, దాయీ.” ఇసుకలో పడుకోకండి తల్లీ అని అర్థం. పగలు ఎంతసేపైనా కూర్చోండి, రాత్రికి మాత్రం గట్టెక్కండి అని చేయెత్తి చూపాడు. పైన ఆనకట్టలున్నాయి, నీళ్లు ఎప్పుడు వదిలేదీ ఏటికి తెలుసు గాని నిద్రపోయేవాడికి తెలియదు అన్నాడు.

అబ్బాయి ఒప్పుకోలేదు. వాన లేదు, మబ్బు లేదు, డిసెంబరులో వరద ఏమిటన్నాడు. మేము తటపటాయించాము. అమ్మగారు మాత్రం చాప చుట్టడం మొదలుపెట్టారు. ఆమె వంశధార ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి. “ఏరు నిద్రపోదు నాయనా, మనం నిద్రపోతాం” అన్నారు. ఆ మాటతో వాదన ముగిసింది. అబ్బాయి ముఖం ముడుచుకుని మేకులు పెరికాడు.

వృద్ధుని మాటలోని సత్యాన్ని కాస్త వివరించవలసి ఉన్నది. ధమ్తరి జిల్లా సిహావా కొండలలో పుట్టిన మహానదికి రాజిం ఎగువన గంగ్రేల్ ఆనకట్ట ఉన్నది. దీనికే రవిశంకర్ సాగర్ అని పేరు. భిలాయి ఉక్కు కర్మాగారానికి నీరందించే జలాశయమిది. ఎగువన దుధావా, ఉపనది మీద 1923లో పూర్తయిన మురుంసిల్లి జలాశయాలున్నాయి. పైరి నది మీద సికాసర్ ఆనకట్ట ఉన్నది. మురుంసిల్లి ప్రత్యేకత ఏమంటే దానికి సైఫన్ తరహా అలుగులు అమర్చారు. నీటిమట్టం ఒక హద్దు దాటగానే మనిషి చేయి వేయకుండానే అవి తమంత తాముగా నీటిని విడిచిపెడతాయి. అనగా రాజింలో ఆకాశం నిర్మలంగా ఉన్నంత మాత్రాన ఏటిలోకి నీరు రాదని చెప్పలేము. నీరు వచ్చేది మన నెత్తి మీది మబ్బు నుండి కాదు, మనకు కనిపించని ఎగువ నుండి.

ఈ విషయం తెలుగువారికి ఒకసారి ఎంతో కఠినంగా తెలిసివచ్చింది. 2014 జూన్ 8వ తేదీన హిమాచల్ ప్రదేశ్‌లోని మండి జిల్లాలో, బియాస్ నదిలో రాళ్ల మీదికి దిగి ఛాయాచిత్రాలు తీసుకుంటున్న హైదరాబాదు ఇంజనీరింగ్ విద్యార్థులు, ఎగువనున్న లార్జి జలవిద్యుత్ ఆనకట్ట నుండి వదిలిన నీటిలో కొట్టుకుపోయారు. 24 మంది విద్యార్థులు, వారితో వెళ్లిన యాత్రా నిర్వాహకుడు ప్రాణాలు కోల్పోయారు. ఆ పిల్లలూ విహారయాత్రకు వెళ్లినవారే. అది రాత్రి కూడా కాదు, వారు నిద్రలోనూ లేరు. మెలకువగా ఉన్నవారికే తప్పించుకునే వ్యవధి లేకపోతే, గుడారంలో నిద్రించే కుటుంబం సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

గట్టెక్కిన తరువాత వెనుదిరిగి చూస్తే, ఇందాకటి నుండి కళ్ల ముందున్న సాక్ష్యం అప్పుడు బోధపడింది. కులేశ్వర ఆలయం నది నడుమనే ఉన్నది గాని నదిలో లేదు. ఎనిమిది మూలల ఎత్తైన రాతి అరుగు మీద దానిని నిలిపారు. ప్రతి వర్షాకాలం నీరు ఆ అరుగును చుట్టి ప్రవహిస్తుంది. అయినా శతాబ్దాలుగా ఆలయం చెక్కుచెదరలేదు. కట్టిన శిల్పి ఏటితో కయ్యానికి దిగలేదు. ఏటికి కావలసిన దారి వదిలి, తనకు కావలసిన ఎత్తు తాను తీసుకున్నాడు. దేవుని ఇంటికే అంత జాగ్రత్త అవసరమైతే మన గుడారం ఏపాటిది?

గట్టు పైన ఒక ధర్మశాల ఉన్నది. దాని కాపలాదారు అనుమతితో, నామమాత్రపు రుసుము చెల్లించి, ఆవరణలో బండి నిలుపుకున్నాము. మెరక నేల, కుళాయి, మరుగుదొడ్డి, ఒక దీపం, ఒక కాపలాదారు. లెక్క చూసుకుంటే ఐదూ కుదిరాయి. “నాన్నగారూ, ఇదే మన కారవాన్ పార్కు” అని అమ్మాయి ప్రకటించింది. ప్రహరీ ప్రక్కన గుడారం లేచింది. స్టవ్వు మీద అన్నం ఉడికింది. ఆవకాయ, కందిపొడి, నెయ్యి, పెరుగు. అయిదుగురమూ, డ్రైవరు తమ్ముడూ ఒకే చాప మీద కూర్చుని తిన్నాము. షిఫ్టు సైరను లేని భోజనం మాకు ఎన్నాళ్లకో దొరికింది.

రాత్రి పదింటికి చలి పెరిగింది. కాపలాదారు దయతో బొగ్గుల కుంపటి ఒకటి తెచ్చి, బండిలో పెట్టుకుని తలుపులు మూసుకోమన్నాడు. ఇక్కడ మా ఉద్యోగం మాకు అక్కరకు వచ్చింది. బొగ్గు అరకొరగా కాలినప్పుడు కార్బన్ మోనాక్సైడ్ వెలువడుతుందని, దానికి రంగు గాని వాసన గాని లేవని, కొలిమి గ్యాసు దగ్గర పనిచేసే ప్రతి కార్మికునికి మొదటి శిక్షణలోనే చెబుతారు. నిద్రలో ఉన్నవారిని అది నిద్రలోనే తీసుకుపోతుంది. కర్మాగారంలో గ్యాసు మానిటరు లేనిదే అడుగుపెట్టని మనం, ఇంట్లో చలి వేయగానే ఆ కుంపటినే పక్కలోకి తెచ్చుకుంటాము. కాపలాదారుకు కృతజ్ఞతలు చెప్పి, కుంపటిని ఆరుబయటనే ఉంచి, దాని చుట్టూ కూర్చున్నాము. పడుకునే ముందు నీళ్లు చల్లి ఆర్పివేశాము. బండిలో హీటరు కోసం ఇంజను నడపడం కూడా ఇదే కారణం చేత కూడదని డ్రైవరుకు చెప్పాము. రెండేసి దుప్పట్లు, కిటికీ అద్దాలు కాస్త దించి ఉంచడం, ఇవే మా హీటరు.

ఆ కుంపటి చుట్టూ కూర్చున్న గంటన్నర కాలమే ఈ యాత్రకు ఫలం. అమ్మగారు తన చిన్ననాటి వరదను చెప్పారు. నీరు పొలిమేర దాటిన రాత్రి, వాళ్ల నాన్నగారు పిల్లలందరినీ లేపి, ఆవుల పలుపులు విప్పి, అందరినీ ఊరి గుడి అరుగు మీదికి చేర్చిన వైనం. ఆ కథను మేము అంతకు మునుపు ఎన్నడూ వినలేదు. ఇన్నేళ్లలో అడగలేదు గనుక ఆమె చెప్పలేదు. అబ్బాయి ముఖంలో ముడుపు ఎప్పుడు విడిపోయిందో గమనించలేదు గాని, కథ ముగిసేసరికి తన దుప్పటి తీసి నాయనమ్మ కాళ్ల మీద కప్పుతున్నాడు. “నాయనమ్మా, నేను వెళ్లిపోయాక ఇవన్నీ ఫోనులో చెబుతావా?” అని అడిగాడు. వెళ్లిపోవడం గురించి ఇంట్లో మొట్టమొదట పలికిన మాట అది. మా శ్రీమతి లేచి, స్టవ్వు వెలిగించి, ఆ వేళప్పుడు అందరికీ టీ పెట్టింది.

తెల్లవారుజామున గట్టు మీదికి వెళ్లి చూశాము. నీరు రాలేదు. నిన్న మేము మేకులు దింపిన గుంటలు సహితం ఇసుకలో అలాగే ఉన్నాయి. “చూశారా, అక్కడే పడుకున్నా ఏమీ అయ్యేది కాదు” అని అబ్బాయి నవ్వాడు. మేము ఒక ప్రశ్న మాత్రం అడిగాము. హెల్మెట్ పెట్టుకుని ఎనిమిది గంటల షిఫ్టు చేసి, నెత్తి మీద ఏమీ పడకుండా ఇంటికి వస్తే, ఆ రోజు హెల్మెట్ దండుగ అయినట్లేనా? అతడు కొంచెం ఆలోచించి తల అడ్డంగా ఊపాడు. భద్రతా వారోత్సవాలలో మనం వినే ఉపన్యాసాల సారమంతా ఆ ఒక్క తల ఊపులో ఉన్నదని మాకు తోచింది. ప్రమాదం జరగకపోవడం జాగ్రత్త వ్యర్థమైందనడానికి రుజువు కాదు.

ఇటువంటి యాత్ర తలపెట్టే మిత్రుల కోసం మా అనుభవంలోని నాలుగు మాటలు. విడిది స్థలానికి పొద్దు ఉండగానే చేరాలి. చీకటిలో ఎంచుకున్న చోటు తెల్లవారితే గాని తన గుణం చెప్పదు. స్థానికులను అడగాలి. మడి చేసేవాడు, పడవ నడిపేవాడు ఏటికి మనకంటె దగ్గరి బంధువులు. చెట్ల మొదళ్ల మీది బురద చార, పొదలలో చిక్కుకున్న ఎండుగడ్డి, చెత్త ఎంత ఎత్తున ఉన్నాయో చూస్తే నీరు ఎంతవరకు వచ్చి పోయిందో తెలుస్తుంది. పడక ఎప్పుడూ ఆ గీతకు పైన ఉండాలి. బండి ముఖం రోడ్డు వైపు తిప్పి నిలపాలి, తాళంచెవి ఎక్కడున్నదో అందరికీ తెలిసి ఉండాలి. సబ్బు నీరు ఏటిలో కలపరాదు. తెచ్చిన సంచీలు, విస్తళ్లు మన వెంటనే తిరిగి రావాలి. ఇదేమీ ఉపకారం కాదు. సిల్తారా సమీపంలో ప్రవహించే ఖారూన్ శివనాథ్‌లో కలిసి, ఆ శివనాథ్ చివరకు మహానదినే చేరుతుంది. ఏ పాయలో వేసినా మన చెత్త ఒకే ఏటికి పోతుంది.

తిరుగు ప్రయాణంలో అమ్మగారు కిటికీ ప్రక్కన కూర్చుని, చాలాసేపటికి ఒక మాట అన్నారు. “ఆ ఇల్లమ్మగారికి ఆ రాత్రి ఎవరో ఒక ఇంటివారు చోటిచ్చి ఉంటారు కదా. వాళ్ల పేరు ఎక్కడా లేదు పాపం.” నిజమే. అమ్మగారు అడిగేదాకా మాకా ఆలోచన రాలేదు. కావడి దించి వచ్చి మమ్మల్ని గట్టెక్కించిన ఆ వృద్ధుని పేరు కూడా మేము అడగలేదు. ఉదయం వెతికితే మడి వద్ద ఆయన లేడు. బయలుదేరే ముందు మిగిలిన ఆవకాయను చిన్న డబ్బాలో పెట్టి, ఆయన కావడి ప్రక్కన ఉంచి వచ్చాము.

సంక్రాంతి తరువాత మా ఇంట్లో ఇద్దరు తక్కువవుతారు. కాని ఆ ఒక్క రాత్రి అయిదుగురమూ ఎత్తైన చోట నిశ్చింతగా నిద్రపోయాము. మీరు కూడా ఈ చలికాలంలో వీలు చూసుకుని మీవారితో ఒక రాత్రి ఏటి ఒడ్డున గడపండి. ఒడ్డుననే సుమా, ఏటిలో కాదు. వచ్చే సంచికలో మరొక విషయంతో మళ్లీ కలుసుకుందాము.